చక్కెర లేని తీపి

“రాత్రిపూట నిలుస్తది సారూ. పొద్దుగాల మందులు తాగినంక మళ్ల షురువైతది.”

2011 వేసవిలో, నాగిరెడ్డిపేట మండలంలోని ఒక పల్లె నుండి మామగారిని ఆటోలో తీసుకొని వచ్చిన ఒక కోడలు నాతో అన్న మాట ఇది. విన్నాను గాని చెవిన పెట్టలేదు. రోగి ఇంటివారి మాటలోనే సగం రోగనిర్ణయం దొరుకుతుందని చదువుకునే రోజుల్లో మా గురువులు పదే పదే చెప్పేవారు. ఆనాడు నాకు దొరికింది సగం కాదు, మొత్తం. దానిని చేజార్చుకున్నాను. ఈసారి మీకు చెప్పదలచిన సంగతి సార్బిటాల్ అనే ఒక తీపి పాకం గురించి. కాని ఆ కోడలి మాటతో మొదలు పెట్టకపోతే అది నాకు న్యాయంగా తోచదు.

పెద్దాయనకు డెబ్బై దాటాయి. పదిహేనేళ్లుగా మధుమేహం. ఎనిమిది రోజులుగా నీళ్ల విరేచనాలు, పగటిపూట ఆరేడు సార్లు. జ్వరం లేదు. మలంలో నెత్తురు గాని, జిగట గాని లేవు. కడుపు ఉబ్బరించి గడగడమంటున్నదన్నారు. ఎండాకాలంలో అటువంటి రోగులు రోజూ వస్తూనే ఉంటారు కనుక నా చేయి అలవాటు ప్రకారం రాసుకుంటూ పోయింది. ఓఆర్‌ఎస్ పొట్లాలు, మెట్రోనిడజోల్ గోలీలు. మూడు రోజుల తరువాత తగ్గలేదని మళ్లీ వచ్చినప్పుడు, మెట్‌ఫార్మిన్ వల్ల కూడా విరేచనాలు అవుతాయి కదా అని దానిని ఆపించాను. ఆ ఆలోచన తప్పు కాదు. మెట్‌ఫార్మిన్‌కు ఆ గుణం నిజంగానే ఉంది. కాని ఏళ్ల తరబడి ఒంటికి సరిపడిన మందు ఈ పది రోజుల్లోనే ఎందుకు పడకుండా పోయిందని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. నాలుగు రోజుల్లో రక్తంలో చక్కెర 300 దాటింది. విరేచనాలు మాత్రం ఆగలేదు.

ఆ మరుసటి మధ్యాహ్నం పెద్దాయన హడావుడిగా పెరట్లోకి వెళ్లబోయి, కళ్లు తిరిగి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది.

హైదరాబాదుకు తరలించడానికి బండి కోసం ఎదురుచూస్తుండగా, ఆ కోడలు చేతిలోని ప్లాస్టిక్ కవరును నా బల్ల మీద బోర్లించి, “ఇండ్ల ఏవేవి తీస్కపోవాలె సారూ?” అని అడిగింది. గోలీల అట్టలతో పాటు మూడు సీసాలు దొర్లాయి. ఒకటి దగ్గు మందు. పెద్దాయనకు షుగరు ఉంది కదా అని, పనిగట్టుకొని ‘షుగర్ ఫ్రీ’ది నేనే రాసి ఇచ్చాను. రెండవది పుల్లత్రేన్పులకు తాగే తెల్లని మందు. అదీ నేను రాసిందే. మూడవ సీసాను నేను చూడడం అదే మొదలు. ఆకలి లేదని, నీరసమని చెబితే ఊళ్లో ఒక ఆర్‌ఎంపీ ఇచ్చిన ‘లివర్ టానిక్’ అది. రోజుకు మూడు పూటలా రెండేసి చెంచాల చొప్పున పది రోజులుగా తాగుతున్నారు. సీసాను వెలుతురుకు పట్టుకొని లేబుల్ చదివాను. ప్రతి 10 మి.లీ.లో ట్రైకోలిన్ సిట్రేట్ 0.55 గ్రాములు, సార్బిటాల్ 7.15 గ్రాములు.

ఆ అంకెను చూసిన తరువాత ఆ కోడలి మొదటి మాట గుర్తుకు వచ్చింది. రాత్రి నిలుస్తది. పొద్దుగాల మందులు తాగినంక మళ్ల షురువైతది.

సార్బిటాల్ అనేది ఏదో విదేశీ విషం కాదు. 1872లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బూసింగో చలి దేశాల్లో పెరిగే ఒక చెట్టు ఎర్రని పండ్లలో దీనిని మొదట గుర్తించాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామం సార్బస్. ఈ పేరు దాని నుండే వచ్చింది. ఆపిల్, బేరి, ఎండు ఆల్‌బుఖారా పండ్లలో ఇది సహజంగానే ఉంటుంది. పరిశ్రమల్లో మాత్రం పండ్ల నుండి తీయరు. మక్కల నుండి పిండి పదార్థాన్ని వేరుచేసి, దానిని గ్లూకోజుగా మార్చి, ఆ గ్లూకోజుకు నికెల్ వంటి లోహపు ఉత్ప్రేరకం తోడ్పాటుతో, అధిక పీడనంలో హైడ్రోజన్‌ను చేరుస్తారు. వచ్చేదే సార్బిటాల్. మందుల కంపెనీలకు ఇది సాధారణంగా 70 శాతం గాఢత గల చిక్కని, రంగులేని పాకంగా చేరుతుంది. ఇతర ప్రాంతాల పాఠకుల కోసం చెబుతున్నాను, మేము మక్కలు అనేది మీరు మొక్కజొన్న అనేదానినే. పోచారం కాల్వ కింద వరి వేసుకొని, నీరు ఎక్కని మెరక చేలల్లో మక్క వేసుకునే రైతులకు తమ పంట కోళ్ల దాణాకు పోతుందని తెలుసు. దగ్గు మందులోకి కూడా పోతుందని చెబితే నవ్వుతారు. “మా మక్కలు మాకే సీసాలల్ల అమ్ముతున్నరా సారూ?” అని ఒకాయన అడిగాడు. ఒక విధంగా అంతే.

దీనిని రసాయన శాస్త్రం ‘షుగర్ ఆల్కహాల్’ అనే తరగతిలో చేర్చింది. ఈ పేరు ఎంత తికమక పెడుతుందో చెప్పలేను. అయ్యప్ప మాల వేసుకున్న ఒక యువకుడు తన మందు గురించి ఎక్కడో ఈ మాట చదివి, సీసా తిరిగి తెచ్చి ఇచ్చాడు. మత్తునిచ్చే మద్యానికీ దీనికీ ఏ పోలికా లేదు. అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్‌ల ఒక జంట ప్రత్యేకమైన తీరులో అమరి ఉంటే శాస్త్రజ్ఞులు దానిని ఆల్కహాల్ అంటారు, అంతే. అలాగని ఇది చక్కెర కూడా కాదు. చక్కెర తీపిలో దీనిది దాదాపు 60 శాతం. చక్కెర గ్రాముకు 4 కేలరీల శక్తినిస్తే ఇది 2.6 మాత్రమే ఇస్తుంది. మాల్టిటాల్ అని దీనికి ఒక తోబుట్టువు ఉంది. అదీ మక్క వంటి గింజల పిండి నుండి వచ్చేదే, తీపిలో చక్కెరకు బాగా దగ్గర. ఇకపై సార్బిటాల్ గురించి చెప్పేది చాలామటుకు దానికీ వర్తిస్తుంది.

మందులో దీనిని ఎందుకు కలుపుతారు? మా తరం వైద్యులు కాంపౌండర్లు మందులు కలిపే రోజులను చూసినవారు. సీసా పక్కన మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం అంటించి, ఒక్కొక్క మెట్టు ఒక మోతాదు అని చెప్పేవారు. చేదు మందును చక్కెర పాకంలో ముంచడమే అప్పటి విద్య. ఔషధ గ్రంథాల ప్రకారం తయారైన పాకంలో బరువు లెక్కన నూటికి 66.7 పాళ్లు చక్కెరే. అంత చిక్కదనంలో సూక్ష్మజీవులు పెరగలేవు గనుక పాకం తనను తానే కాపాడుకుంటుంది. మన పచ్చళ్లకు ఉప్పు ఎటువంటిదో మందుకు ఆ చక్కెర అటువంటిది. అయితే మూత చుట్టూ చక్కెర గడ్డకట్టి బిగుసుకుపోయేది. తలుపు సందున పెట్టి మూత తిప్పిన జ్ఞాపకం నా వయసువారికి తప్పక ఉంటుంది. సార్బిటాల్ పాకం కలిపితే అలా గడ్డకట్టదు. మందు చిక్కగా, నునుపుగా ఉంటుంది. నోటిలోని క్రిములు దీనిని చక్కెరలాగా పులియబెట్టి ఆమ్లంగా మార్చలేవు కనుక పళ్లు పుచ్చవు. మూర్ఛ వ్యాధికి ఏళ్ల తరబడి, రోజుకు రెండు పూటలా సిరప్ తాగవలసిన పిల్లలకు ఇది చిన్న మేలు కాదు. చక్కెర పాకంలోని మందును రాత్రి పడుకోబోయే ముందు తాగి, నోరు పుక్కిలించకుండా నిద్రపోయిన పిల్లల ముందుపళ్లు నల్లబడడం నేను చూశాను. అన్నట్టు, మనలో చాలామంది రోజూ ఉదయాన్నే సార్బిటాల్‌ను నోట్లో పెట్టుకుంటూనే ఉన్నారు. మీ టూత్‌పేస్టు డబ్బా మీద పదార్థాల పట్టీ ఉంటే చదవండి.

ఇంత మంచి పదార్థం పెద్దాయన తుంటి దాకా ఎలా వచ్చిందంటే, పరిమాణం వల్ల. చక్కెరను మన చిన్నపేగు చురుకుగా లోపలికి లాక్కుంటుంది. సార్బిటాల్‌ను లాక్కోవడానికి పేగులో ప్రత్యేకమైన ఏర్పాటు లేదు. అది మెల్లగా, కొద్దికొద్దిగా మాత్రమే ఇంకుతుంది. మిగిలినది పేగులోనే ఉండి నీటిని తనవైపు లాగుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే కాసేపటికి గిన్నెలో ఊట చేరుతుంది చూడండి, అలాగే. ఆ నీటితో పాటు సార్బిటాల్ పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. అందుకే ఉబ్బరం, గడగడలు, ఆ తరువాత నీళ్ల విరేచనం. రోజుకు 10 గ్రాముల వద్దనే కొందరికి ఉబ్బరం మొదలవుతుంది. 20 గ్రాములు దాటితే చాలామందికి విరేచనాలవుతాయి. ఈ గుణాన్నే ఉపయోగించుకొని మలబద్ధకానికి సార్బిటాల్‌ను మందుగా ఇవ్వడం కూడా ఉంది. క్రిముల వల్ల వచ్చే విరేచనాలు రాత్రనక పగలనక సాగుతాయి. ఇటువంటివి మాత్రం కారణమైన పదార్థం లోపలికి పోవడం ఆగితే ఆగిపోతాయి. ఆ కోడలు చెప్పింది సరిగ్గా ఇదే, పాఠ్యపుస్తకంలో ఉన్నంత స్పష్టంగా.

ఇక లెక్క చూడండి. లివర్ టానిక్ 10 మి.లీ.కి 7.15 గ్రాములు, రోజుకు మూడుసార్లు, అంటే 21 గ్రాములు దాటింది. అది ఒక్క సీసా లెక్క. నేను రాసిన రెండు సీసాల మీద సార్బిటాల్ ఎంతో వేయలేదు. ఎందుకంటే అక్కడ అది మందు కాదు, మందును మోసే ‘బేస్’. టానిక్‌లో అదే పదార్థాన్ని మందుగా చెప్పుకున్నారు కనుక గ్రాములు వేశారు. వేయని చోట ఎంత ఉండవచ్చో అంచనా మాత్రమే కట్టగలం. 70 శాతం పాకం 10 మి.లీ.లో దాదాపు 9 గ్రాముల సార్బిటాల్ ఉంటుంది. ఒక దగ్గు మందులో సగం ఆ పాకమే అనుకుంటే 10 మి.లీ.కి నాలుగున్నర గ్రాములు, మూడు పూటలకు పదమూడుకు పైగా. టానిక్‌తో కలిపితే రోజుకు 35 గ్రాములు. తెల్లని మందులోనిది ఇంకా కలపలేదు. అందులోని మెగ్నీషియానికి కూడా విరేచనం చేసే స్వభావం ఉంది. డెబ్బై దాటిన ఒక పేగు మీద మేమిద్దరం, ఆ ఆర్‌ఎంపీ, నేను, ఒకరికి తెలియకుండా ఒకరం ఇంత బరువు మోపాము. పైగా నాకు మూడవ సీసా ఉన్నట్టే తెలియదు. ఇంకేం వాడుతున్నారని నోటితో అడిగాను. “ఇంకేం లేవు సారూ” అన్నారు. వారి దృష్టిలో టానిక్ మందు కాదు, బలం. అబద్ధం చెప్పలేదు.

హైదరాబాదులో ఆ సీసాలు ఇవ్వలేదు. రెండవ రోజుకు విరేచనాలు వాటంతట అవే ఆగిపోయాయి. ఎముకకు శస్త్రచికిత్స జరిగింది. కొన్ని నెలల తరువాత చేతికర్రతో ఇంటి ముందు అరుగు దాకా నడిచారు. పొలం గట్టు మాత్రం మళ్లీ ఎక్కలేదు. జరిగినది నేను ఆ కుటుంబానికి చెప్పాను. పెద్దాయన, “గాచారం సారూ, మీరేం జేస్తరు” అన్నారు. ఆ కోడలు ఏమీ అనలేదు.

మధుమేహం ఉన్నవారికి ఇక్కడ ఒక మాట. సిరప్‌లోని చక్కెర గురించి మనవారికి ఉన్న భయం ఉండవలసిన దానికంటే ఎక్కువ. ఐదు రోజులు వాడే దగ్గు మందు రెండు చెంచాలలో ఉండే చక్కెర, చాలామంది డాక్టరుకు చెప్పకుండా తాగే ఒక కప్పు చాయ్‌లోని దానితో పోల్చదగినదే. ఏళ్ల తరబడి వాడవలసిన మందైతే మాట వేరు. గోళీ మింగగలిగినవారికి గోళీ ఉండగా సిరప్ ఎందుకన్నది అసలు ప్రశ్న. ఆ పెద్దాయన గోళీలు చక్కగా మింగేవారు. నేను సిరప్ ఎందుకు రాశానంటే, సీసా ఇవ్వకపోతే వైద్యం జరిగినట్టు అనిపించదు, రోగికీ, వైద్యుడికీ. ‘లివర్ టానిక్’ అనే మాట మీద కూడా నాకు గౌరవం లేదు. మామూలు మనిషికి దాని అవసరం ఏమిటో నా సర్వీసంతటిలో నాకు అర్థం కాలేదు. ఆకలి పుట్టిస్తుందని పిల్లలకు తాగించే సిరప్‌లలోనూ సైప్రోహెప్టాడిన్ అనే మగత కలిగించే మందుతో పాటు ఇదే ట్రైకోలిన్, ఇదే సార్బిటాల్ కలిసి ఉండడం మామూలు. పిల్లవాడికి ఆకలి మందు మొదలుపెట్టిన వారంలో విరేచనాలు పట్టుకుంటే ముందు ఆ సీసాను చూడండి. ఆపిల్ రసం అదే పనిగా తాగించినా ఇదే జరుగుతుంది.

చాలా అరుదుగా కొందరు పిల్లలు ఫ్రక్టోజును అరిగించుకోలేని లోపంతో పుడతారు. సార్బిటాల్ శరీరంలో ఫ్రక్టోజుగా మారుతుంది గనుక వారికి ఒక్క చెంచా కూడా ప్రమాదమే. పండ్లు, తీపి మొదలుపెట్టినప్పటి నుండి వాంతులు, నీరసం, ఎదుగుదల లేకపోవడం కనిపిస్తే పిల్లల వైద్యునికి ఈ మాట గుర్తు చేయండి.

ఇంతవరకు చెప్పింది మంచి సార్బిటాల్ గురించి. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఇరవై మందికి పైగా పసిపిల్లలు మూత్రపిండాలు చెడిపోయి మరణించిన వార్త మీరు చదివే ఉంటారు. తమిళనాడులో తయారైన కోల్డ్‌రిఫ్ అనే సిరప్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు ఆ రాష్ట్ర ప్రభుత్వ పరీక్షలో తేలింది. ఆ బ్యాచ్‌ను వాడవద్దని మన తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా అక్టోబరు తొలి వారంలో హెచ్చరిక జారీ చేసింది. డైఇథిలీన్ గ్లైకాల్ పరిశ్రమల్లో వాడే ద్రవం. తీయగా, చిక్కగా, రంగు లేకుండా ఉంటుంది. మందులకు ఆధారంగా వాడే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ పాకం కూడా తీయగా, చిక్కగా, రంగు లేకుండానే ఉంటాయి. కంటికీ నాలుకకూ తేడా తెలియదు, ధరలో తెలుస్తుంది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును ఈ ద్రవంలో కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. 1986లో ముంబయిలోని జేజే ఆసుపత్రిలో కలుషితమైన గ్లిజరిన్ 14 మంది ప్రాణాలు తీసింది. 2022లో గాంబియాలో దాదాపు డెబ్బై మంది పిల్లలు పోయారు. ఆ సిరప్‌లు మన దేశంలో తయారైనవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ప్రతిసారీ మందు మందుగానే ఉంది. చంపింది బేస్.

అందుకే 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్‌తో పాటు సార్బిటాల్, మాల్టిటాల్ పాకాలను కూడా జాబితాలో చేర్చి, కంపెనీకి వచ్చిన ప్రతి డబ్బాను ఈ విషం కోసం పరీక్షించాలని, అది 0.10 శాతం మించరాదని కోరింది. ఆ పరీక్ష కష్టమైనదేమీ కాదు. చేయాలన్న పట్టింపే కావాలి. ఆ పట్టింపు లేని చోట సీసా కొనే తల్లికి చేతిలో ఏ ఆయుధమూ లేదన్న విషయాన్ని నేను తేలికగా చెప్పలేను. రుచి చూసి, వాసన చూసి ఎవరూ కనిపెట్టలేరు.

ఆమె చేయగలిగినది వేరే ఉంది. ఛింద్వాడా ఘటన తరువాత కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఇచ్చిన సూచన ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వకూడదు. ఐదేళ్ల లోపు వారికి సాధారణంగా అవసరం లేదు. మామూలు జలుబు వారంలో దానంతట అదే పోతుంది. గోరువెచ్చని నీళ్లు, ఏడాది దాటిన పిల్లలకైతే అర చెంచా తేనె చాలు. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించవద్దు. సిరప్ ఏదైనా తాగుతున్న బిడ్డకు వాంతులు పట్టుకొని, మూత్రం తగ్గినా, ఆరేడు గంటలు అసలు రాకపోయినా తెల్లవారే దాకా ఆగకండి. ఆ సీసాను వెంట పట్టుకొని పెద్దాసుపత్రికి వెళ్లండి.

పెద్దవారి విషయంలోనూ నేను అడిగేది అదే, సీసాలు వెంట తెమ్మని. ఆనాటి తరువాత నా గదిలో నేను “ఏమేం వాడుతున్నారు?” అని అడగడం మానేశాను. ఇంట్లో ఉన్నవన్నీ, టానిక్‌లు, పొడులు, పక్కింటివారు ఇచ్చినవి, సగం తాగి వదిలేసినవి, కవరులో వేసుకొని తెమ్మనేవాణ్ని. మొదట్లో విసుక్కునేవారు. తరువాత అలవాటైంది. మందు అయిపోయిన వెంటనే సీసాను పారేయకుండా ఇంకో పది రోజులు అటక మీద ఉంచండి. బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది, బిల్లు మీద ఉండవచ్చు, ఉండకపోవచ్చు. లేబుల్ అక్షరాలు మరీ చిన్నవిగా ఉంటే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకొని చదవండి. మా కాలంలో ఆ సౌకర్యం లేదు. నేను మాత్రం కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకు పట్టుకొనే చదివేవాణ్ని.